చుక్క పెట్టిన అరవైమూడు ఇళ్లు

వెంకటదుర్గ పేరు లేదు.

సువర్ణ మొదట నవ్వింది. "లేకపోవడమేంటండీ, మీది నూట పద్దెనిమిదో నంబరు కదా. పేజీ తిప్పేసుంటారు," అంది. బల్లకి అవతల కూర్చున్న చేపలశాఖ అధికారి ప్రసాదరావు కాగితాన్ని ఆమె వైపు తిప్పి పెట్టాడు. నూట పదిహేడు ఉంది. దాని కింద నూట ఇరవై ఒకటి ఉంది. మధ్యలో గీత లేదు, కొట్టివేత లేదు, ఖాళీ కూడా లేదు. కొత్త లేజర్ ప్రింటర్ కొట్టిన అక్షరాలు ఒకదాని కింద ఒకటి బుద్ధిగా కూర్చున్నాయి. ఆ మూడు నంబర్ల మనుషులు ఎప్పుడూ పుట్టనట్టే ఉంది ఆ కాగితం.

"నేను లేనాండీ?" అంది వెంకటదుర్గ. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో రేషను కార్డు, ఓటరు కార్డు, మొగుడి ఫొటో రెండు కాపీలు. పొద్దున్న ఆరింటికే వచ్చి లైన్లో నిలబడ్డ మనిషి. ఆవిడ కోపంగా అడగలేదు. దుకాణంలో ఉప్పు ఉందా అని అడిగినట్టు అడిగింది.

"ఉంటారండి. ఉండండి, చూస్తాను," అంది సువర్ణ.

అది రెండు వేల ఏడు, మే నెల. నత్తలంక కొల్లేటి ఒడ్డు ఊరు. అంతకు ముందు ఏడాది సరస్సులో చేపల చెరువుల గట్లన్నీ సర్కారువాళ్లు యంత్రాలు పెట్టి కొట్టేశారు. పెద్దోళ్ల చెరువులతోపాటు ఊరి సంఘం చెరువు కూడా పోయింది. పెద్దోళ్లు సరస్సు బయట పొలాలు కొని మళ్లీ చెరువులు తవ్వుకున్నారు. నత్తలంక వాళ్లకి మిగిలింది వల. ఇప్పుడు ఆ వల వెయ్యడానికి కార్డు కావాలన్నారు, నీలం రంగు కార్డు. కార్డున్న ఇల్లు నీళ్లలో దిగొచ్చు. కార్డు లేకుండా దిగితే పడవా వలా పట్టుకుపోతారు. ఊరు మొత్తానికి రోజుకి అరవైనాలుగు వలలు, అంతకు మించి ఒక్కటి ఎక్కువ కుదరదు. ఆ కార్డులు ఎవరెవరికి ఇవ్వాలో మత్స్యకారుల సంఘం లిస్టు చెప్పాలి. ఆ లిస్టు తయారుచేసేది సువర్ణ.

వెంకటదుర్గ వెనకాల ఉన్న ముసలాయన పేరూ లేదు. ఆయన వెనకాల రత్నమాణిక్యం పేరుంది, ఆవిడ కార్డు తీసుకుని కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. తరవాత వరసగా నలుగురికి లేదు. పదకొండు అయ్యేసరికి లేనివాళ్లు పంతొమ్మిది మంది. సంఘం ఆఫీసు అరుగు మీద వాళ్లు వేరేగా నిలబడ్డారు. ఎవరూ అలా నిలబడమనలేదు. లేనివాళ్లంతా ఒక పక్కకి చేరిపోయారు, అంతే.

సువర్ణ వాళ్లని చూసింది. ఒక్కొక్క మొహం చూసుకుంటూ వెళ్లింది. నాలుగో మొహం దగ్గర ఆగిపోయింది.

వీళ్లంతా కోతలకి వెళ్లొచ్చినవాళ్లు.

*

సువర్ణది ఉంగుటూరు. తండ్రి మిషన్ బడిలో మేష్టారుగా చేసి పోయాడు. తొంభై రెండులో తాడేపల్లిగూడెంలో ఒక మేడ మీద కంప్యూటర్ సెంటరు పెడితే ఆరు నెలలు నేర్చుకుంది. మర్నాడే మరిచిపోయే చదువు అన్నారు అందరూ. ఏడాది తిరిగేలోపు నత్తలంక సంఘానికి ఒక కంప్యూటరు వస్తే, దాన్ని ముట్టుకోవడానికి భయపడని మనిషి చుట్టుపక్కల ఆమె ఒక్కతే దొరికింది. అప్పటినుంచి రోజూ బస్సూ, ఆటో, ఆ తరవాత గట్టు మీద మైలున్నర నడక.

ఆ కంప్యూటరుకి ఊళ్లో పేరు డబ్బా. నలుపు తెర, పసుపు అక్షరాలు. లోపలి బ్యాటరీ చచ్చిపోయి తొమ్మిదేళ్లయింది, కాబట్టి కరెంటు తీసిన ప్రతిసారీ తన హార్డ్ డిస్కు ఏమిటో తనకే గుర్తుండదు. సువర్ణ చెప్పాలి. ఎనిమిది వందల ఇరవై, ఆరు, పదిహేడు. ఆ మూడు అంకెలు టైపు చేస్తేగాని అది లేవదు. సువర్ణ పిల్లల పుట్టినరోజులు మరిచిపోతుందేమోగాని ఆ అంకెలు మరిచిపోదు. కీబోర్డు మూడుసార్లు మారింది. మూడూ తాడేపల్లిగూడెం పాత ఇనప సామాన్ల కొట్లో తూకానికి కొన్నవే. ప్రింటరు మాత్రం మొదటిదే. సూదులతో టకటకా కొట్టేది, అంచుల్లో చిల్లులున్న కాగితం దండ మింగేది. దాని రిబ్బనుకి స్టాంపుప్యాడు సిరాలో రెండు చుక్కలు మిషను నూనె కలిపి సువర్ణే పట్టించేది. ఆ నూనె లేకపోతే సూదులు అరిగిపోతాయి. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, ఒక సూది విరిగాక తెలిసింది.

ఈ డబ్బాతో పని ఏమిటంటే వంతు చీట్లు. ఏ రోజు ఎవరు నీళ్లలో దిగాలో వారం వారం ఒక్కో ఇంటికీ చీటీ కొట్టాలి. మూడు కాపీలు, మధ్యలో కార్బను. ఒకటి ఇంటికి, ఒకటి గట్టు కాపలాకి, ఒకటి సంఘానికి.

ఇక చుక్క సంగతి. నత్తలంకలో ఎండాకాలం వచ్చేసరికి నీళ్లు వెనక్కి పోతాయి. అప్పుడు కొన్ని ఇళ్లు తాళాలేసుకుని దాళ్వా వరి కోతలకి అత్తిలి వైపో, గణపవరం వైపో పోతాయి. పాత రోజుల్లో ఊళ్లో లేనివాళ్ల చీటీలు దొంగిలించి ఎవరో వాళ్ల వంతులో వల వేసేసుకునేవారు. తిరిగొచ్చాక తగాదాలు, తలలు పగలడాలు. సువర్ణ దానికో ఉపాయం కనిపెట్టింది. వెళ్లేవాళ్లు కిటికీ దగ్గరికొచ్చి చెప్పాలి. చెప్పగానే ఆ పేరుని డబ్బాలో డిలీట్ కొడుతుంది. పేరు నిజంగా పోదు. పక్కన చిన్న చుక్క పడుతుంది, చుక్క ఉన్నన్నాళ్లూ చీటీ పడదు. చీటీ లేకపోతే దొంగతనం లేదు. వాళ్లు తిరిగొచ్చి "వచ్చామండీ" అంటే రీకాల్ అని కొడుతుంది. చుక్క పోతుంది, పేరు లేస్తుంది.

పద్నాలుగేళ్లుగా అదే పద్ధతి. ఊళ్లో చిన్న పిల్లలకి కూడా తెలుసు. ఇంటికి తాళం, గొడ్డుకి పలుపు, పేరుకి చుక్క. "కంప్యూటరమ్మగారండీ, రేపు వెళ్తున్నాం, చుక్క పెట్టెయ్యండి," అని చెప్పి బండెక్కేవారు. చుక్క పెట్టించుకున్నాక నిశ్చింతగా నిద్రపోయేవారు.

*

కొత్త కంప్యూటరు ఏప్రిల్లో వచ్చింది. రంగుల తెర, చప్పుడు చెయ్యని ప్రింటరు. ఏలూరు నుంచి క్రాంతి కుమార్ అనే అతను తెచ్చి బిగించాడు. ముప్పై దాటినవాడు, మర్యాదస్తుడు. డబ్బాని చూసి నవ్వలేదు, అదే సువర్ణకి నచ్చింది. "ఇది తీసెయ్యలేమండి. మూడు కాపీల చీటీ లేజర్లో కుదరదు, కార్బను మీద సూది కొట్టాలి. రెండూ పక్కపక్కనే ఉండాలి," అన్నాడు. రెంటికీ మధ్య ఒక బూడిదరంగు తీగ వేశాడు. ఒక రోజంతా కూర్చుని డబ్బాలో పేర్లన్నీ కొత్తదాంట్లోకి పంపాడు. ఆ తరవాత ప్రతి శనివారం కొత్త పేర్లు వాటంతటవే ఇటు నుంచి అటు వెళ్లేలా ఒక ప్రోగ్రాము రాసి పెట్టాడు. సువర్ణ నమ్మకం కోసం ఒక కొత్త సభ్యుణ్ణి డబ్బాలో ఎక్కించి చూసింది. సోమవారానికి కొత్తదాంట్లో ఉన్నాడు. ఇంకేం కావాలి అనుకుంది.

పేర్లు పంపిన రోజు ఏప్రిల్ పద్దెనిమిది. దాళ్వా కోతలు ముమ్మరంగా ఉన్న రోజు.

ఇప్పుడు కొత్త కంప్యూటరు ముందు నిలబడి లెక్క చూస్తే నూట నలభై తొమ్మిది ఇళ్లు అంది. నత్తలంక సంఘంలో ఇళ్లు రెండు వందల పన్నెండు. అరవైమూడు ఇళ్లు లేవు.

సెల్లులో క్రాంతి కుమార్ వెంటనే దొరికాడు.

"డిలీట్ చేసిన రికార్డులు రావు కదండీ," అన్నాడు.

"నేను రీకాల్ చేశానండి. మే ఒకటో తారీకు నుంచి ఒక్కొక్కళ్లూ వచ్చారు, ఒక్కొక్కళ్లకీ చేశాను."

"అవి పాత నంబర్లే కదా మేడమ్. శనివారం వెళ్లేవి కొత్త నంబర్లే. పాత నంబరు కనిపిస్తే అది ముందే వెళ్లిపోయిందనుకుంటుంది." అతను గొంతు తగ్గించాడు. "మేడమ్, తప్పుగా అనుకోకండి. బతికున్నవాళ్లని డిలీట్ ఎందుకు చేస్తున్నారండీ?"

ఆ ప్రశ్న ఎంత మామూలు ప్రశ్నో సువర్ణకి అప్పుడు తెలిసింది. పద్నాలుగేళ్లలో ఆ ప్రశ్న వేసినవాడు లేడు. తనూ వేసుకోలేదు. కీబోర్డు మీద తన వేళ్లు కొట్టిన మాటేమిటో ప్రతిసారీ తెర మీద కనపడుతూనే ఉంది. డిలీట్. తుడిచెయ్యి. ఆ మాటని రోజూ కొడుతూ, నోటితో మాత్రం చుక్క అంటూ వచ్చింది. క్రాంతి కుమార్ వచ్చిన రోజు చుక్క గురించి అతనికి చెప్పాలని తోచనేలేదు. అందరికీ తెలిసినదే కదా.

*

ప్రసాదరావు చెడ్డవాడు కాడు. చెడ్డవాడయితే పోట్లాడ్డానికైనా వీలుండేది. "నా చేతిలో ఉన్నది మీ సంఘం లిస్టేనండి. మీ ప్రెసిడెంటుగారి సంతకం ఉంది. తప్పయితే సరిచేసిన రిజిస్టరు రెండు కాపీలు తెండి, ప్రెసిడెంటుగారు మళ్లీ సంతకం పెట్టాలి. నాలుగింటికి నేను వెళ్లిపోవాలి. మళ్లీ కార్డులు ఎప్పుడో నాకూ తెలీదు," అన్నాడు.

టైము పన్నెండున్నర. డబ్బా వెనక గదిలో ఉంది. పొద్దున్న కరెంటు పోయి వచ్చింది, ఇంకా లేపలేదు.

సువర్ణ వెళ్లి స్విచ్ వేసింది. ఫ్యాను తిరిగింది. తెర మీద పసుపు గీత వచ్చింది. ఎనిమిది వందల ఇరవై, ఆరు, పదిహేడు. ఎంటర్. ఏమీ లేదు. మళ్లీ కొట్టింది. లోపల డిస్కు తిరిగే రొద రావాలి, పిండిమర దూరంగా ఆడుతున్నట్టు ఉంటుంది. అది లేదు. డిస్కు బిగుసుకుపోయింది. సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసింది.

"అమ్మా సువర్ణా," అన్నారెవరో.

సంఘం ప్రెసిడెంటు పోలయ్య గుమ్మంలో ఉన్నాడు. అరవై దాటిన మనిషి, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. వెంకటదుర్గ ఆయన తమ్ముడి భార్యే. సువర్ణకి ఆయన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"పోలయ్యగారూ, ఘోరం జరిగిపోయిందండి. నావల్లే జరిగింది. అరవైమూడు ఇళ్లు..."

"తెలుసమ్మా." ఆయన తలుపు దగ్గరగా వేసి స్టూలు మీద కూర్చున్నాడు. "సంతకం పెట్టేటప్పుడే చూశాను."

"ఏం చూశారండీ?"

"తక్కువున్నారని చూశాను. మా తమ్ముడింటి పేరు లేదని కూడా చూశాను."

సువర్ణ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పడింది. ఆయన వంగి తీసి ఆమెకి ఇచ్చాడు, మర్యాదగా, పిడి ఆమె వైపు పెట్టి.

"రోజుకి అరవైనాలుగు వలలమ్మా. నూట నలభై తొమ్మిది ఇళ్లయితే ఇంటికి వారానికి మూడు రోజులు. రెండు వందల పన్నెండయితే రెండే. రెండు రోజుల వలతో ఏ ఇల్లు తింటుంది? అందరికీ పంచితే అందరూ చస్తారు. వాళ్లకి కోతలున్నాయి, ఊడ్పులున్నాయి, చేతిలో ఇంకో పనుంది. వీళ్లకి నీళ్లు తప్ప ఏమీ లేదు. నేను తీసెయ్యలేదమ్మా. ఎవర్నీ తీసెయ్యలేదు. పోయినవాళ్లని పోనిచ్చాను, అంతే."

"మీ తమ్ముణ్ణి కూడానా అండీ?"

"వాణ్ణొక్కణ్ణే ఎక్కిస్తే ఊరు ఊరుకుంటుందామ్మా?" అన్నాడు పోలయ్య. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఒక న్యాయం ఉంది. సువర్ణని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది అదే. ఈయన రాత్రిళ్లు కూర్చుని ఆలోచించి ఈ న్యాయం తేల్చుకున్నాడు. సొంతవాణ్ణి కూడా ముంచాడు కాబట్టి తను మంచివాడే అనుకుంటున్నాడు.

"ఆ డబ్బా లేవడం లేదు కదూ," అన్నాడాయన. "లేవలేదని చెప్పెయ్యమ్మా. పదేళ్లనుంచి ఇవాళ పోతుంది రేపు పోతుంది అంటూనే ఉన్నారు, ఎవరూ నిన్నడగరు. నీ తప్పు కూడా బయటికి రాదు. లేపావనుకో, ఏమైందని అడుగుతారు. మొదట నీ పేరే వస్తుంది."

సువర్ణకి ఆ మాట ఒక్క నిమిషం తియ్యగానే వినిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, వినిపించింది. చచ్చిపోయిందండీ అని రెండు చేతులూ చూపించి బయటికి నడిస్తే చాలు. అందరూ అయ్యో అంటారు. పాతది కదండీ, మీరు మాత్రం ఏం చేస్తారు అంటారు. కాఫీ కూడా ఇస్తారు.

బయట అరుగు మీద ఎవరో పసిదానికి ఎండ తగలకుండా కొంగు పట్టుకున్నారు, ఆ నీడ కిటికీ మీద పడుతోంది. అటువైపు నిలబడ్డవాళ్లెవరూ గొడవ చెయ్యడం లేదు. కంప్యూటరమ్మగారు లోపలికెళ్లారు, సరిచేసుకొస్తారని చూస్తున్నారు.

సువర్ణ డబ్బా మూతకున్న స్క్రూలు ఊడదీయడం మొదలుపెట్టింది.

"అమ్మా," అన్నాడు పోలయ్య.

"మీరు కాస్త అవతలికి జరగండి. వెలుతురుకి అడ్డంగా ఉన్నారు."

డిస్కు ఇటుకంత బరువు. తీగలు ఊడకుండా దాన్ని బయటికి లాగి అరచేతిలో పట్టుకుంది. కుండకి మూత బిగుసుకుపోతే తిప్పినట్టు మణికట్టుతో ఒక్క విసురు. తప్పితే లోపలి పళ్లెం గీరుకుపోతుంది, రెండు వందల పన్నెండు ఇళ్లూ ఒకేసారి పోతాయి. రెండో విసురుకి లోపల ఏదో విడిపోయినట్టు చిన్న జారుడు తెలిసింది. స్విచ్ వేసింది. పిండిమర ఆడింది.

ఎనిమిది వందల ఇరవై, ఆరు, పదిహేడు.

పేర్లు వచ్చాయి. ఒక్క చుక్క కూడా లేకుండా రెండు వందల పన్నెండు.

సువర్ణ తలుపు బార్లా తెరిచింది. తలుపు అవతల గోడకి ఆనుకుని వెంకటదుర్గ నిలబడి ఉంది. ఆవిడ మొహం చూస్తే ఎప్పటినుంచి నిలబడిందో అడగక్కర్లేదు. ఆవిడ సువర్ణ వంక చూడలేదు. బావగారి వంక చూస్తోంది. అరిచేవాళ్లని సువర్ణ చాలామందిని చూసింది. అంత నిశ్శబ్దంగా చూసే మనిషిని చూడలేదు.

*

ప్రింటరు మొదలుపెట్టిన పది నిమిషాలకి రిబ్బను పనైపోయింది. నలభై పేర్లయ్యాక అక్షరాలు పొగలా అయిపోయాయి. కొత్త రిబ్బను తాడేపల్లిగూడెం వెళ్తేగాని లేదు. సువర్ణ రిబ్బనుని ఊడబీకి అవతల పారేసింది. సూదుల్ని తిన్నగా కాగితం మీదికి వదిలేసింది. పైకాపీ మీద తెల్లటి గుంటలు తప్ప ఏమీ పడవు. కింద కార్బనుంది, కింది రెండు కాపీలూ నల్లగా పడతాయి. రిబ్బను మెత్తదనం పోయేసరికి ఆ ప్రింటరు గోల ఊరవతలికి వినపడింది. జనం గుమ్మం దగ్గర మూగారు. కార్డులు తీసుకుని ఇళ్లకి పోయినవాళ్లు కూడా వెనక్కి వచ్చారు.

"ఏంటండీ ఆ గోల?" అన్నాడు అబ్బాయిరాజు. పొద్దున్న కార్డు తీసుకున్నవాళ్లలో ఒకడు, జేబులోంచి ఆ నీలం అంచు కనపడుతోంది.

"మిగతావాళ్ల పేర్లండి," అంది సువర్ణ.

"అందరూ వస్తే వారానికి రెండు రోజులే కదండీ. వల తడుపుకుని ఆరేసుకోవడానికి సరిపోద్ది."

ఎవరో నవ్వారు. లేనివాళ్లలో ఒక్కరూ నవ్వలేదు. నిన్నటిదాకా ఒకే వంతులో పక్కపక్క పడవల్లో వెళ్లినవాళ్లు. ఒక గుమ్మానికి అటూ ఇటూ నిలబడేసరికి ఎంతలో మారిపోయారో చూడండి. వాళ్లని ఎవరూ రెచ్చగొట్టలేదు. ఒక కాగితం చాలింది.

మూడుంపావుకి సువర్ణ కాగితాల దండ చింపి ప్రసాదరావు బల్ల మీద పెట్టింది. ఆయన రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఒకటి ముత్యాల్లా ఉంది. ఇంకోటి కార్బను మసితో, చేతికి అంటుకునేలా ఉంది.

"రెండూ మీ సంఘానివే. నేను ఏది నమ్మాలండీ?" అన్నాడు.

"రెండోదండి."

"అయితే మొదటిది ఎందుకలా వచ్చిందో రాసివ్వండి. ఎవరు తీశారో, ఎందుకు తీశారో రాయాలి. రాస్తే తీసుకుంటాను."

సువర్ణ రాసింది. రాసినదాన్ని ప్రసాదరావు పైకి చదివాడు, అందరూ వినాలని కాదు, ఆయనకి అలవాటు. ఈ అరవైమూడు కుటుంబాల పేర్లను వారు కోతలకు వెళ్లినప్పుడల్లా పద్నాలుగు సంవత్సరాలుగా నేనే కంప్యూటరు నుంచి తొలగిస్తూ, తిరిగి వచ్చాక చేరుస్తూ వచ్చాను. పేర్లు పంపిన రోజున వారు తొలగించబడి ఉన్నారు. తప్పు నాది.

వెంకటదుర్గ బల్ల దగ్గరికి జరిగింది.

"తొలగించడమేంటండీ?" అంది వెంకటదుర్గ. "చుక్క కదా."

"చుక్కంటే ఆ మిషన్లో అదేనండి. తీసెయ్యడమే."

"ప్రతి ఏడూనా అండీ?"

"ప్రతి ఏడూ."

"మీకు తెలుసాండీ?"

ఇక్కడ అబద్ధం ఆడినా ఎవరికీ తెలియదు. "తెలుసండి," అంది సువర్ణ.

వెంకటదుర్గ అటూ ఇటూ చూసింది, కూర్చోవడానికి చోటు వెతుక్కుంటున్నదానిలా. ఏటా ఆవిడ ఆ కిటికీ దగ్గరికొచ్చి తన పేరు భద్రంగా దాచమని చెప్పి వెళ్లింది. ఒక ఏడు తాటిముంజెలు కూడా తెచ్చిపెట్టింది. తన నోటితో తనే, తన ఇంటిని తీసెయ్యమని పద్నాలుగుసార్లు అడిగింది.

ప్రసాదరావు కాగితాన్ని పోలయ్య వైపు జరిపాడు. పోలయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"బావగారండీ," అంది వెంకటదుర్గ. "మొన్న చూసి పెట్టారు. ఇప్పుడు చూడకుండా పెట్టెయ్యండి."

ఆయన పెట్టాడు. పెన్ను ప్రసాదరావుదే, తిరిగి ఇవ్వడం మరిచిపోయి అలాగే జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం అయిదున్నరదాకా కార్డులు ఇస్తూనే ఉన్నారు. నాలుగింటికి పోవలసిన ప్రసాదరావు పోలేదు.

*

జూలైలో సంఘం సర్వసభ్య సమావేశం పెట్టారు. సార్వా వరి ఊడ్పుల రోజులు. అరవైమూడు ఇళ్లలో యాభై దాకా గణపవరం వైపు పొలాల్లో ఉన్నాయి. ఈసారి వెళ్లేముందు కిటికీ దగ్గరికి వచ్చి చెప్పిన ఇల్లు ఒక్కటీ లేదు. సమావేశం ఎప్పుడు పెట్టాలో తెలిసినవాళ్లే పెట్టారు.

అబ్బాయిరాజు లేచాడు. బతికున్న సభ్యుల్ని తొలగించానని రాసిచ్చిన ఉద్యోగిని సంఘంలో ఉంచకూడదని తీర్మానం. చేతులెత్తమన్నారు. ముందు వరసలో చేతులు లేచాయి, తరవాత గోడ పక్కన లేచాయి. వారానికి ఒక రోజు పోగొట్టుకున్న చేతులు అవి, వాటిని చూసి సువర్ణ ఆశ్చర్యపోలేదు. పోలయ్య చెయ్యి లేవలేదు, ఆయన నేల చూస్తున్నాడు. సువర్ణ చూపు ఆడవాళ్ల వైపు తిరిగింది.

వెంకటదుర్గ చెయ్యి ఎత్తి ఉంది.

సగం ఎత్తి దింపే చెయ్యి కాదు. మోచెయ్యి వంగకుండా నిటారుగా ఎత్తింది. లెక్కపెట్టేవాడు ఆవిణ్ణి దాటి వెళ్లిపోయేదాకా దింపలేదు.

ఎన్ని చేతులో చెప్పారు, సువర్ణకి వినపడలేదు. ఉద్యోగం పోతుందని తెలుసు, మేలోనే తెలుసు. ఇది తెలియదు. ఈ ఒక్కటీ ఎటువైపు నుంచి చూసినా కనపడలేదు. వెనక గదిలోకి వెళ్లి తన టిఫిను డబ్బా, గొడుగు, నూనె సీసా సంచిలో పెట్టుకుంది. నూనె సీసా మళ్లీ తీసి ప్రింటరు పక్కన పెట్టింది. ఎవరికోసం పెట్టిందో ఆమెకే తెలియదు. ఈ వారం వంతు చీట్లు ఎవరు కొడతారు, ఎవరికి వచ్చు?

గుమ్మంలో అలికిడయింది. వెంకటదుర్గ వచ్చి లోపల నిలబడింది.

"చెయ్యెత్తానండి," అంది.

"చూశాను."

"ఎత్తకపోతే నా మనసు ఒప్పలేదండి. మీరు దాచలేదు, అది మంచిదే. తీశారు, అదీ నిజమే." ఆవిడ డబ్బా ముందున్న స్టూలు మీద కూర్చుంది. పోలయ్య కూర్చున్న స్టూలే. "నాకు ఇంగిలీషు రాదు. అంకెలొచ్చు. అయిదో తరగతిదాకా చదివాను. ఇది ఎలా లేపుతారో నాకు చెప్పండి."

సువర్ణ ఆవిడ వంక చూసింది. కోపం ఇప్పుడొచ్చింది, రెండు నెలలనుంచి రానిది. "నన్ను తీసేసి నా దగ్గరే నేర్చుకుంటారాండీ?"

"ఆయ్," అంది వెంకటదుర్గ. "మీరు మమ్మల్ని పద్నాలుగుసార్లు తీశారు. మేం మిమ్మల్ని ఒక్కసారే తీశాం."

బయట కుర్చీలు మడతపెడుతున్నారు. ఆటో గట్టు చివర్న ఆరింటిదాకా ఉంటుంది, ఆ తరవాత ఉండదు. సువర్ణ సంచి భుజాన వేసుకుంది. వెంకటదుర్గ ఆమె వంక చూడలేదు. నల్ల తెర వంకే చూస్తోంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సువర్ణ సంచి కింద పెట్టింది.

"స్విచ్ వెనకాల ఉంటుందండి," అంది. "కుడి పక్కన. గట్టిగా నొక్కాలి."